ఓజోన్ ఒప్పందం ఫలించింది, మరి క్యోటో, పారిస్ ఒప్పందాల సంగతేంటి?

ప్రశ్న:
మా అమ్మాయికి స్కూల్లో వాతావరణ ఒప్పందాల మీద ప్రాజెక్టు ఇచ్చారు. సాయం చేద్దామని కూర్చుంటే నాకే టెన్షన్ పట్టుకుంది. బొగ్గు, చమురు, గ్యాస్ వల్ల ఏడాదికి వెలువడే కార్బన్ డయాక్సైడ్ 1990లో 2,300 కోట్ల టన్నులకు అటూ ఇటూగా ఉండేది, ఇప్పుడు 3,700 కోట్లు దాటింది. మధ్యలో భూమిని వేడెక్కించే ఇలాంటి వాయువులను తగ్గించడానికి 1997లో క్యోటో, 2015లో పారిస్ ఒప్పందాలు జరిగాయి. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఓజోన్ పొరను నిలబెట్టింది కదా, ఇక్కడ ఏమైంది?

జవాబు 1:
మాంట్రియల్‌లో అదుపు చేయాల్సింది ఓజోన్‌ను దెబ్బతీసే కొన్ని రకాల వాయువులనే, అవి తయారుచేసే కంపెనీలూ తక్కువే, పైగా ప్రత్యామ్నాయాలు దొరికాయి. ఒప్పందంలో చేరని దేశాలతో ఆ సరుకు వ్యాపారం నిషేధించారు, పేద దేశాలకు నిధి పెట్టారు. కర్బనం అలా కాదండీ, కరెంటు, ఉక్కు, సిమెంటు, బండి, అన్నిట్లోనూ ఉంది. క్యోటోలో అమెరికా సంతకం పెట్టి కూడా ఆమోదించలేదు, కెనడా 2011లో తప్పుకుంటున్నట్టు ప్రకటించింది, ఎవరికీ ఏమీ కాలేదు. నా బాధ అదే, మాట తప్పితే నష్టం లేనప్పుడు ఎవరు ఆగుతారు?

జవాబు 2:
క్యోటోలో క్రెడిట్ల కథ కూడా రాయించండి. క్రెడిట్ అంటే ఇంత వాయువు తగ్గించామన్న పత్రం, దాన్ని ధనిక దేశాలు కొని తమ లెక్కలో చూపించుకునేవి. ఫ్రిజ్ గ్యాస్ తయారీలో హెచ్‌ఎఫ్‌సీ-23 అనే వాయువు వస్తుంది, వేడిని పట్టి ఉంచడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే పదివేల రెట్లకు పైగా బలమైనది. దాన్ని కాల్చేస్తే క్రెడిట్లు వచ్చేవి, కాల్చే ఖర్చు చాలా తక్కువ, క్రెడిట్లకు వచ్చే డబ్బు చాలా ఎక్కువ. చైనాలో, మన దేశంలో ఫ్యాక్టరీలకు ఇది పెద్ద రాబడి అయింది, క్రెడిట్ల కోసమే గ్యాస్ ఎక్కువ తయారుచేస్తున్నారన్న ఆరోపణలూ వచ్చాయి. చివరికి ఐరోపా 2013 నుంచి ఆ క్రెడిట్లు తీసుకోవడం మానేసింది.

జవాబు 3:
అసలేమీ ఒరగలేదంటే మాత్రం నేను ఒప్పుకోను. పారిస్‌కు ముందు ఈ శతాబ్దం చివరికి భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు 4 డిగ్రీలు పెరుగుతుందన్న అంచనా ఉండేది, ఇప్పుడది 3 డిగ్రీల లోపుకు వచ్చింది. అదీ ప్రమాదమే, కానీ ఆ ఒక్క డిగ్రీ తేడా మన పిల్లలకు చాలా పెద్దది. బ్రిటన్ 2008లో ఈ వాయువులు తగ్గించడానికి సొంత చట్టం చేసుకుంది, 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం మూసేసింది. సంతకం దేశంలో చట్టంగా మారిన చోటే పని జరిగింది. మన దేశం 2030కి పెట్టుకున్న లక్ష్యం, విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో (అంటే ఉన్న కేంద్రాలన్నీ పూర్తిగా నడిస్తే ఇవ్వగల కరెంటులో) సగం శిలాజేతరం, అంటే బొగ్గు, చమురు, గ్యాస్ కానిది కావాలన్నది, 2025లోనే అందుకుంది. అయితే మనం వాడే కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే, అది కూడా అమ్మాయిని రాయమనండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. దిగుమతయ్యే ఉక్కు, సిమెంటు మీద ఐరోపా 2026 నుంచి అమలు చేస్తున్న కార్బన్ సుంకం (తయారీలో వెలువడిన కర్బనాన్ని బట్టి వేసేది) కూడా జరిమానా లాంటిదే అనిపిస్తోంది, దాన్ని మాంట్రియల్ వ్యాపార నిషేధంతో పోల్చి చూపించమంటాను.