ఇంట్లో చెమ్మ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఆదివారం లోపు అడ్వాన్స్ ఇవ్వాలి

ఎల్బీనగర్ నాన్న
పొద్దున్నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. ఒక వీడియోలో తేమ 60 శాతం దాటితే బూజు ఖాయం అంటాడు, ఇంకో వీడియోలో 80 దాకా భయం లేదంటాడు. ఆరొందలు పెట్టి తేమ మీటరు కొన్నాను. మా ఇంట్లో 44 చూపిస్తోంది, అద్దెకి చూసిన ఇంట్లో 71 చూపించింది. అంటే ఆ ఇల్లు పనికిరాదా? ఓనరు గారేమో "బూజు అస్సలు లేదండీ, మొన్ననే అంతా దులిపించాం" అంటున్నారు. మా ఆవిడ లోపల అడుగు పెట్టగానే ముక్కవాసన అంది. నాకు పెయింటు వాసన తప్ప ఏమీ తెలియలేదు. యాప్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) చూస్తే "సంతృప్తికరం" అని ఉంది. తీసుకోవచ్చా లేదా, సూటిగా చెప్పండి చాలు.

కొబ్బరాకు
ఏ ఊరు?

ఎల్బీనగర్ నాన్న
వైజాగ్. బదిలీ అయింది. ఇందాక రాశాననుకున్నా.

కొబ్బరాకు
వైజాగ్‌లో 71 అంటే గాలి పొడిగా ఉన్నట్టే. ఆగస్టులో చూడండి.

ఎల్బీనగర్ నాన్న
ఏప్రిల్ 1న చేరాలి సార్. ఆగస్టు దాకా లాడ్జిలో ఉండమంటారా? సంక్రాంతి సెలవుల్లో వెళ్ళి చూసొచ్చాం, మళ్ళీ వెళ్ళడం కుదరదు.

వన్‌టౌన్ వాసి
చెమ్మ సంగతి తర్వాత బాబూ, ముందు దుమ్ము సంగతి చూసుకో. మా బాల్కనీలో తెల్ల బనియన్ ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగు. కిటికీ గట్టు మీద వేలితో గీస్తే నల్లటి గీత. బొగ్గు, ఖనిజం యార్డుల మీదుగా గాలి వీస్తే ఇంతే. ఊరికి అటూ ఇటూ కొండలు, మధ్యలో మేం. చలికాలం రాత్రుళ్ళు గాలి కదలదు, పొగా దుమ్మూ కిందే కూర్చుంటాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి పథకంలో మా ఊరి పేరు ఊరికే చేర్చలేదు. గాలిలో తేలే సన్న దుమ్ము పీఎం 10, ఇంకా సన్నది పీఎం 2.5, అది ముందు తెలుసుకో. 24 గంటల సగటుకి మన దేశంలో పరిమితి ఘనమీటరు గాలికి వరుసగా 100, 60 మైక్రోగ్రాములు. యాప్‌లో "సంతృప్తికరం" చూసి మురిసిపోతే ఎలా? అది ఆ ఒక్కరోజు సగటుకి, ఆ మీటరు పెట్టిన చోటికి లెక్క. ఇల్లు ఎటువైపో చెప్పనే లేదు.

ఎల్బీనగర్ నాన్న
బీచ్ వైపండీ, లాసన్స్ బే కాలనీ దగ్గర. దుమ్ము గురించి కాదు నేనడిగింది.

తెలుగు మాస్టారు
ఒక చిన్న సవరణ. ఓనరు దులిపించింది సాలెగూళ్ళ బూజు. మీరు భయపడుతున్నది ఆవకాయ మీద పట్టే బూజు. మాట ఒకటే, వస్తువులు వేరు. ఆయన అబద్ధం చెప్పలేదు, మీరు అడిగిందానికే జవాబిచ్చారు.

కొబ్బరాకు
గోడ మీదది పాచి.

తెలుగు మాస్టారు
పాచి అంటే బావిగట్టు మీద పచ్చగా జారేది. గోడ మీద నల్లచుక్కలుగా వచ్చేది బూజే. కావాలంటే శిలీంధ్రం అనండి.

వన్‌టౌన్ వాసి
"మీ ఇంట్లో శిలీంధ్రం ఉందా" అని అడిగితే ఇల్లు అద్దెకిచ్చేవాడు ఉంటాడా మాస్టారూ?

పాత మేస్త్రి
నాన్నగారూ, మీ మీటరు చూపించేది గాలిలో తేమ. గోడలో చెమ్మ సంగతి దానికి తెలీదు. ముందు అది సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకోండి. సీసా మూతలో వంట ఉప్పు పోసి రెండు మూడు చుక్కల నీళ్ళతో తడపండి. ఉప్పు కరిగిపోకూడదు, తడి ఇసుకలా ఉండాలి. దాన్నీ మీటరునీ ఒక జిప్ కవర్లో మూసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి 75 దగ్గర చూపించాలి. 66 చూపిస్తే మీ 71 నిజానికి 80 అన్నమాట.

ఇక గోడ. ఎన్నో అంతస్తు? ఆ ముక్కవాసన ఏ గదిలో వచ్చింది? ఆ గది గోడకి అవతల ఏముంది? ఇవి చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఎల్బీనగర్ నాన్న
గ్రౌండ్ ఫ్లోర్. వెనక బెడ్‌రూమ్‌లో. అవతల బాత్రూమ్. ఇల్లు మాత్రం ముచ్చటగా ఉందండీ, ఆ గదిలో గోడకి కింద మూడడుగుల దాకా టైల్స్ కూడా అతికించారు.

పాత మేస్త్రి
బెడ్‌రూమ్ గోడకి టైల్స్ ఎందుకు వేశారని అడిగారా?

నేల నుంచి ఎక్కే చెమ్మ సాధారణంగా ఆ మూడు నాలుగడుగుల దాకానే ఎక్కుతుంది. పుట్టీ ఉబ్బి పొలుసులు రాలుతుంటే ఏటా పెయింటు వేయించలేక టైల్స్ అతికించేస్తారు. టైల్స్ పై అంచు మీద గోడని గోటితో గీకి చూడండి. తెల్లగా పొడి రాలితే, అది నీళ్ళలో కరిగితే ఉప్పు. ఉప్పు పట్టిన గోడ గాలిలో తేమని కూడా పీలుస్తుంది, ఎంత ఆరబెట్టినా ఆరదు. నూగులా ఉండి తుడిస్తే మరక అయితే బూజు.

ఇంకోటి. అడుగు చదరం ప్లాస్టిక్ షీటు టైల్స్ పైన గోడకి ఆనించి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా మూసేయండి. రెండు రోజుల తర్వాత గోడవైపు చెమటలు పడితే నీరు గోడలోంచి వస్తోంది. గదివైపు పడితే గాలిది. ఊళ్ళో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే ఈ పని వాళ్ళతో చేయించండి.

ఏసీ కుర్రాడు
నాదో మాట అన్నా. అక్కడ ఏసీ వాడకం తెలియకపోతే మంచి ఇంట్లో కూడా బూజు పడుతుంది. 30 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల దగ్గరే నీరు కడుతుంది. రాత్రంతా 20లో పెట్టి పొద్దున్నే కిటికీలు బార్లా తీస్తే అద్దాలు, అల్మరా వెనక గోడ, పరుపు అడుగు అన్నీ చెమటలే. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు నూటికి తొంభై మంది ఇదే చేస్తారు. గాలి రావాలి గాలి రావాలి అంటారు.

వన్‌టౌన్ వాసి
గాలి రాకపోతే ఇంకా బూజు పడుతుంది తమ్ముడూ.

ఏసీ కుర్రాడు
ఎప్పుడు తీయాలో తెలిసి తీయాలి అంకుల్. ఎండెక్కి గాలి ఆరాక తీయాలి. వాన పడుతుంటే కాదు.

ఎల్బీనగర్ నాన్న
ఎయిర్ ప్యూరిఫైయర్ కొంటే సరిపోదా? మా బాబుకి పిల్లికూతలు, ఇన్‌హేలర్ వాడుతున్నాం. అందుకే ఏక్యూఐ చూశా.

పాత మేస్త్రి
ఇది మొదటి లైన్లో రాయాల్సింది కదా!

ఏక్యూఐలో బూజు లెక్కే ఉండదు, అది బయట దుమ్మూ పొగా లెక్క. ప్యూరిఫైయర్ గాలిలో తేలే బూజు రేణువుల్ని కొంత పడుతుంది, చెమ్మని ఆపలేదు. గోడ పుట్టిస్తూనే ఉంటే ఎంతని పడుతుంది? పిల్లవాడి డాక్టరుని అడగండి. నేనైతే ఆ గదిలో వాణ్ణి పడుకోబెట్టను.

ఉప్పాడ అక్క
మగవాళ్ళకి మీటర్ల పిచ్చి. పక్క వాటాలో, పై వాటాలో ఆడవాళ్ళని పలకరించమనండి. వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి చూపించమనండి. అప్పడాలు ఎన్ని రోజులు కరకరలాడతాయో అడగమనండి. బెల్టులూ లెదర్ చెప్పులూ తెల్లబడతాయా? పట్టుచీరలు ఎక్కడ దాచుకుంటున్నారు? ఆ ఆంటీలంతా అయిదు నిమిషాల్లో ఇంటి జాతకం చెప్పేస్తారు. అద్దెకి దిగేముందు కిమ్మనకుండా కబోర్డు తలుపు తీసి తలకాయ లోపల పెట్టి వాసన చూస్తాను నేను. గదికి పెయింటు వేస్తారు గానీ కబోర్డు వెనక ప్లైకి ఎవరూ వెయ్యరు.

కొబ్బరాకు
స్విచ్‌బోర్డు స్క్రూలు కూడా. తుప్పు.

తెలుగు మాస్టారు
"ముక్కవాసన" అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. ముక్కిన బియ్యం అంటాం కదా, అందులోంచే. ఇప్పటి పిల్లలు "ఏదో స్మెల్" అంటారు.

వన్‌టౌన్ వాసి
మాస్టారూ, హుద్‌హుద్ తుపాను తర్వాత మా వీధంతా అదే వాసన. 2014 అక్టోబరు 12న కొట్టింది, సంక్రాంతికి కూడా పరుపులు ఎండలోనే ఉన్నాయి. ఆ ఇల్లు అప్పటికి కట్టిందేనా అని కూడా అడుగు బాబూ. కిటికీ ఫ్రేముల పక్కన పగుళ్ళు అప్పుడు పడినవి ఇప్పటికీ కారుతుంటాయి.

పాత మేస్త్రి
ఏమైంది నాన్నగారూ? షీటు అతికించారా?

పాత మేస్త్రి
ఆదివారం కూడా దాటిపోయింది.

ఎల్బీనగర్ నాన్న
సారీ, సామాను సర్దుకోవడంలో పడ్డాం. మీటరు ఉప్పులో పెడితే 68 చూపించింది. షీటు పెట్టే అవకాశం రాలేదు, ఓనరు ఒప్పుకోలేదు. మా తోడల్లుడు వెళ్ళి కబోర్డు తెరిచి ఒక ఫొటో పంపాడు. అడ్వాన్స్ ఇవ్వలేదు. అందరికీ థాంక్స్.

ఉప్పాడ అక్క
మరి ఎక్కడ దిగుతున్నారు?

వన్‌టౌన్ వాసి
మా వైపు మాత్రం రాకు బాబూ.