రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయ్యాక మనసు విప్పి మాట్లాడుకోవడానికి మనలాంటి వాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

తెనాలి_టైలర్:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. నాకు 47 ఏళ్ళు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పోయినేడాది కుడివైపు రొమ్ములో గడ్డ బయటపడింది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. తర్వాత కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఇప్పుడు జబ్బు మళ్ళీ రాకుండా రోజూ టామాక్సిఫెన్ అనే బిళ్ళ వేసుకుంటున్నాను, ఐదేళ్ళు వాడమన్నారు. రిపోర్టులు బాగున్నాయి అని డాక్టరు గారు చెప్పిన రోజు మా ఆయన పూతరేకులు తెచ్చి ఇంటిల్లిపాదికీ పెట్టారు.

నాకు దిగులు పట్టుకుంది ఆ తర్వాతే. కీమో నడిచిన రోజుల్లో ఇంత లేదు. అప్పుడు డేకేర్ వార్డులో పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. రేపల్లె నుంచి ఒకామె, పిడుగురాళ్ళ నుంచి ఒక పెద్దావిడ వచ్చేవారు. నోట్లో పుండ్లు పడితే ఏం తినాలి, గోళ్ళు నల్లబడితే భయపడాలా, జుట్టు మళ్ళీ ఎప్పుడొస్తుంది, అన్నీ వాళ్ళతోనే మాట్లాడేదాన్ని. ఎవరికైనా నరం దొరక్క సూది రెండోసారి గుచ్చితే మిగతా వాళ్ళం కూడా చెయ్యి పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఫోన్ నంబర్లు రాసుకున్నాం. కానీ ఇప్పుడు చేయాలంటే చెయ్యి రావట్లేదు. వాళ్ళు కాకుండా ఇంకెవరైనా ఎత్తితే ఏం వినాల్సి వస్తుందో అని భయం.

ఇంట్లో ఈ మాట ఎత్తడానికి లేదు. మా పాపకి సంబంధాలు చూస్తున్నాం. తల్లికి క్యాన్సర్ అంటే వచ్చిన సంబంధం వెనక్కి పోతుందని మా అత్తగారు వీధిలో అందరికీ గర్భసంచి ఆపరేషన్ అని చెప్పారు. జుట్టు ఊడినప్పుడు తిరుపతిలో మొక్కు తీర్చుకున్నామన్నాం. పాపకి నిజం తెలుసు, కానీ అది కూడా ఆ మాట తీయదు. ఎవరైనా ప్రేమగా 'ఎలా ఉంది ఒంట్లో' అని అడిగినా నేను కథ చెప్పాలి. చెప్పి చెప్పి అలసిపోయాను.

పని దగ్గర ఇంకో బాధ. కొలతలు తీసుకోవాలిగా. ఎదుటి మనిషి ఛాతీ చుట్టూ టేపు తిప్పేటప్పుడు నాకు గుండెలో ఏదో అవుతుంది. నా జాకెట్లో పాత చున్నీ ముక్క మడిచి పెట్టుకుంటున్నాను. గుడ్డ కత్తిరించడానికి వంగితే అది పైకి జారుతుంది. ఎవరి కంటైనా పడుతుందేమోనని కొలతలు అయ్యేదాకా పైట సర్దుకుంటూనే ఉంటాను.

వచ్చే నెల చెకప్ ఉంది. ఇప్పట్నుంచే నిద్ర లేదు. రాత్రిళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు. మా ఆయన మంచివారే. నేను ఏడిస్తే మాత్రం 'అయిపోయిందిగా, ఇంకా ఎందుకు' అంటారు. ఆ మాటతో నేను ఇంకేం మాట్లాడలేను.

అన్నీ బాగున్నాయన్నాక ఇలా కుంగిపోవడం నాకొక్కదానికేనా? చిన్న ఊళ్ళో ఉన్నవాళ్ళకి, నలుగురికీ తెలియకుండా, తెలుగులో మాట్లాడుకునే మనుషులు ఎక్కడైనా ఉంటారా?


రెడ్‌హిల్స్_అక్క:

చెల్లెమ్మా, మాది హైదరాబాద్. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నాకు ఎడమవైపు తీసేశారు. చాలా ఏళ్ళయింది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, కొత్తగా ఆపరేషన్ అయిన ఆడవాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడటం నా పనిగా పెట్టుకున్నాను. అందుకే మీరు రాసిన ప్రతి ముక్కా నాకు తెలిసిన ముక్కే. మీ ఒక్కరికే కాదు. చికిత్స నడిచినన్నాళ్ళూ రేపు ఎక్కడికి వెళ్ళాలో, ఏ పరీక్ష చేయించుకోవాలో ఎవరో ఒకరు చెబుతుంటారు. గట్టెక్కితే చాలని మనం కూడా ఏడుపు దిగమింగుకుంటాం. అది ఆగాక ఏడవడానికి తీరిక దొరుకుతుంది. సరిగ్గా అప్పుడే చుట్టూ ఉన్నవాళ్ళు 'అయిపోయింది' అని ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోతారు.

ముందు నిద్ర సంగతి. ఆవిర్లు, చెమటలు టామాక్సిఫెన్ వాడే చాలామందికి వస్తాయి. నిద్ర చెడితే దిగులు రెట్టింపవుతుంది. బిళ్ళ మాత్రం మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకి చెప్పండి. దిగులు తగ్గడానికి మందు రాసే పరిస్థితి వస్తే, రాసే డాక్టరుకి టామాక్సిఫెన్ వాడుతున్నానని తప్పకుండా చెప్పాలి. పారోక్సెటిన్, ఫ్లూక్సెటిన్ లాంటి మందులు టామాక్సిఫెన్ మన ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి. అలా అడ్డుపడని మందులు వేరే ఉన్నాయి, వాటిలోంచి చూసి రాస్తారు. ఈ విషయం చాలామంది పేషెంట్లకి తెలియదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ రాత్రే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీ వీధిలో వాళ్ళకి తెలిసే ప్రశ్నే లేదు. వాళ్ళు క్యాన్సర్ డాక్టర్లు కారు, ఆ ఆశతో చేయకండి. గుండె బరువు దించుకోవడానికి, అవసరమైతే దగ్గర్లో మానసిక వైద్యులు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

ఇక మనలాంటి వాళ్ళు దొరికే చోటు ఆస్పత్రే. చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరు దగ్గర పని అయ్యాక నేరుగా బస్సెక్కేయకండి. మెడికల్ సోషల్ వర్కర్ ఎక్కడ కూర్చుంటారో అడగండి. పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో ఉంటారు. లేకపోతే డేకేర్ నర్సమ్మనే అడగండి. 'నాలాగా ఆపరేషన్ అయ్యి, నాకంటే ముందు బయటపడ్డ ఒక్క మనిషిని కలపండి' అని అడిగితే చాలు. గ్రూపు అని అడిగితే లేదంటారు, ఒక్క మనిషి అని అడిగితే ఎవరో ఒకరు గుర్తొస్తారు. మీకు గుంటూరు దగ్గర కాబట్టి అక్కడి ప్రభుత్వ పెద్దాస్పత్రి (జీజీహెచ్)లోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌లో కూడా అడిగి చూడొచ్చు.

ఇదేమీ కొత్త పద్ధతి కాదు. 1952లో అమెరికాలో టెరీస్ లాసర్ అనే ఆవిడకి రొమ్ము తీసేశారు. ఆపరేషన్ తర్వాత ఎలా బతకాలో చెప్పేవాళ్ళు లేక, తనే ఆస్పత్రులకి వెళ్ళి తనలాంటి ఆడవాళ్ళ మంచాల పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. 'రీచ్ టు రికవరీ' అన్న పేరుతో ఆ పని దేశదేశాలకి పాకింది. మేము ఇక్కడ చేసేది కూడా అదే, పేరు లేకుండా.

చున్నీ ముక్క మానేయండి. రొమ్ము ఆకారంలో సిలికాన్‌తో చేసినవి దొరుకుతాయి, కాస్త ఖరీదు. మెత్తటి నూలుతో అల్లినవి ఉచితంగా ఇచ్చే స్వచ్ఛంద సంస్థలు మన దేశంలో ఉన్నాయి, సోషల్ వర్కర్‌ని అడిగితే తెప్పించే దారి చెబుతారు. ఇంకో మాట, మీది కుడి చెయ్యి. చంకలో లింఫు గ్రంథులు కూడా తీసి ఉంటారు, అలా తీస్తే ఆ చేతికి వాపు రావొచ్చు. గాజులు బిగుతయినా, చెయ్యి బరువుగా అనిపించినా ఆలస్యం చేయకుండా చూపించండి. వాపు మొదట్లోనే ఫిజియోథెరపీ చేస్తే అదుపులో ఉంటుంది.

చివరగా నా స్వార్థం ఒకటి. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళకి సరైన జాకెట్ కుట్టేవాళ్ళు దొరకట్లేదు. లోపల అర పెట్టి కుట్టమంటే టైలర్‌కి విషయం చెప్పుకోవాలి. అది చెప్పలేక మీలాగే గుడ్డముక్కలు పెట్టుకుంటున్నారు. మీరు ఎప్పుడైనా అలాంటిది కుట్టి చూశారా?


గాజువాక_శ్రీవారు:

అమ్మా, నా భార్యకి అగనంపూడిలో ఉన్న హోమీ భాభా ఆస్పత్రిలో చికిత్స జరిగింది. మగవాడిగా ఒక్క మాట చెబుతాను. 'అయిపోయిందిగా' అనే మాటలో భయం ఉంటుంది. మళ్ళీ వస్తుందేమోనన్న ఆలోచన మాకూ ఉంటుంది, బయటికి అంటే నిజమవుతుందేమో అనిపిస్తుంది. మా ఇంట్లో పరిస్థితి మారింది డాక్టరు గారి వల్ల. చెకప్‌లో నా భార్య నా ముందే 'నాకు రోజూ ఏడుపొస్తోంది సార్' అని చెప్పింది. ఆయన 'వస్తుందమ్మా, అది కూడా మేము చూడాల్సిందే' అన్నారు. ఇంట్లో పదిసార్లు విన్న మాటే, అక్కడ వింటే నాకు తలకెక్కింది. మీ ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి, లోపలికి తీసుకెళ్ళండి.

హైదరాబాద్ లాంటి దూరం ఊరు వెళ్ళాల్సి వస్తే రైలు రాయితీ వాడుకోండి. క్యాన్సర్ పేషెంట్‌కి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ ఉచితం, తోడు వెళ్ళేవారికి 75 శాతం తగ్గిస్తారు. చికిత్సకే కాదు, చెకప్‌కి వెళ్ళినా వర్తిస్తుంది. ఆస్పత్రి వాళ్ళు ఫారం నింపి ఇస్తారు.


పెద్దకూతురు_పుణె:

ఆంటీ, నేను మీ అమ్మాయి వైపు నుంచి రాస్తున్నాను. మా అమ్మకీ ఇదే జబ్బు, మా ఇంట్లోనూ నా పెళ్ళి కోసమే దాచారు. మీ పాప ఆ మాట ఎందుకు తీయదో నాకు అర్థమవుతోంది. అమ్మ ఇంత బాధని మింగుతున్నది నా కోసమే అని ఆ పిల్లకి తెలుసు. అది మోయడం చాలా కష్టం ఆంటీ. నేను రాత్రిళ్ళు అమ్మ గది బయట నిలబడి, ఊపిరి వినపడుతోందో లేదో చూసి వెళ్ళి పడుకునేదాన్ని. ఒక రోజు అమ్మే పిలిచి తన మచ్చ చూపించింది. నేను అనుకున్నంత భయంగా లేదు. ఆ రోజు నుంచి అమ్మ తలకి నూనె పెట్టే పని నాదే, అప్పుడే అన్నీ మాట్లాడుకుంటాం.

సంబంధాల గురించి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతమే. మీ కుటుంబంలో ఇంకెవరికైనా చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ గానీ, అండాశయ క్యాన్సర్ గానీ వచ్చి ఉంటే జన్యు పరీక్ష అవసరమా అని డాక్టర్ని అడగండి. నటి హంసా నందిని తనకి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, ఈ జబ్బు ముప్పు పెంచే బీఆర్‌సీఏ1 జన్యువు తేడా ఉందని 2021లో తనే బయటికి చెప్పారు. ఆమె తల్లి కూడా ఇదే జబ్బుతో చనిపోయారు. ఆ పోస్టు చదివాకే మా అమ్మ నాతో మొదటిసారి నోరు విప్పింది. అవతలి వాళ్ళకి ఎప్పుడు, ఎంత చెప్పాలో మీ పాపని కూడా అడగండి. పెళ్ళి తనది, మాట తనది కూడా.


పల్నాడు_పిన్ని:

పైన వాళ్ళు చెప్పింది బాగుంది కానీ, చెప్పేయమనడం తేలిక. మా ఊళ్ళో నా సంగతి తెలిశాక పేరంటానికి పిలవడం మానేసిన ఇల్లు ఉంది. నాకు విడిగా గ్లాసు పెట్టిన చుట్టమూ ఉంది. ఇది అంటుకునే జబ్బు కాదని ఎంత చెప్పినా ఎక్కదు. కాబట్టి తెనాలి అక్కా, వీధికి చెప్పాల్సిన అవసరం మీకు లేదు. దాచుకోవడం మీ హక్కు. కాకపోతే ఒక్క మనిషి దగ్గరైనా దాచకుండా ఉండాలి. నాకు మా ఆడబిడ్డ ఉంది. తను నాకు సలహాలివ్వదు, చేటలో బియ్యం పోసుకుని ఏరుతూ కూర్చుంటుంది, నేను మాట్లాడుతూ ఉంటాను. రేపల్లె ఆమెకి ఫోన్ చేయండి అక్కా. ఆమె కూడా మీ ఫోన్ కోసం చూస్తుందేమో.


తెనాలి_టైలర్:

అందరికీ పేరుపేరునా దండాలు. రెండు రోజులు చదువుతూనే ఉన్నాను.

రేపల్లె ఆమెకి చేశాను. తనే ఎత్తింది. నా గొంతు వినగానే ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం. తనూ నాలాగే భయపడి చేయలేదట. వచ్చే నెల చెకప్ ఇద్దరం ఒకే రోజున పెట్టించుకుంటున్నాం. పిడుగురాళ్ళ పెద్దావిడకి ఇంకా చేయలేదు. తను పక్కన ఉన్నప్పుడు కలిసి చేద్దామనుకున్నాం. మా ఆయన్ని లోపలికి రమ్మన్నాను, సరే అన్నారు. 14416కి నిన్న రాత్రి చేశాను, ఓపిగ్గా విన్నారు. పాపతో ఇంకా మాట్లాడలేదు. ఈ ఆదివారం ఇంటికొస్తుంది, పుణె అమ్మాయి రాసింది దానికి చూపిద్దామనుకుంటున్నాను.

రెడ్‌హిల్స్ అక్కా, మీరు అడిగిన జాకెట్ నిన్న నాకోసం కుట్టి చూశాను. వేసుకుని వంగి గుడ్డ కత్తిరించాను, జారలేదు. ఎలా కుట్టానో రాస్తాను, మీ దగ్గర ఎవరైనా టైలర్ ఉంటే చూపించండి. తీసేసిన వైపు లైనింగ్ లోపల మెత్తటి మల్లు గుడ్డతో అర వేయాలి. అర నోరు పైకి పెట్టకూడదు, వంగితే బయటికొస్తుంది. చంక వైపుకి పెట్టి, మీద రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వచ్చేలా మడవాలి. ఆ వైపు టక్కులు ముందే కుట్టేయకూడదు, లోపల పెట్టుకునేది పెట్టి చూశాకే వేయాలి. మెడ మామూలుకంటే ఒక అంగుళం పైకి ఉంటే మచ్చ కనపడదు. చెయ్యి వాపు ఉన్నవాళ్ళకి చంక దగ్గర, చేతి చుట్టూ వదులు ఇచ్చి, లోపల కుట్టు మార్జిన్ ఎక్కువ వదలాలి, వాపు పెరిగినా తగ్గినా విప్పి సరిచేసుకోవచ్చు. చంకలో కుట్టు మచ్చకి రాసుకోకుండా పైపింగ్ వేస్తే మంచిది. హుక్స్ ముందు వైపే ఉండాలి, చెయ్యి వెనక్కి తిప్పడం మనకి కష్టం.

మీ వాళ్ళు ఎవరికైనా కావాలంటే పాత జాకెట్ ఒకటి, లోపల పెట్టుకునేది ఒకటి కొరియర్ చేస్తే చాలు. కొలతలకి మనిషి రానక్కర్లేదు, ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. కుట్టుకూలి తీసుకోను, లైనింగ్ గుడ్డ మాత్రం వాళ్ళే పంపాలి.


రెడ్‌హిల్స్_అక్క:

చెల్లెమ్మా, ముగ్గురు ఇప్పుడే అడుగుతున్నారు. కూలి తీసుకోవాల్సిందే, ఆ సంగతి మనం ఫోన్లో తేల్చుకుందాం. మెసేజ్‌లో నా నంబరు పెట్టాను, చూడండి.