మూడో పెళ్లి కూడా మారుమనువేనా?

ప్రశ్న: మెక్లెన్‌బర్గ్-స్ట్రెలిట్జ్ వంశపు జర్మన్ రాకుమారి ఫ్రెడరికా మీద వ్యాసం రాస్తున్నానండీ. ఆమెకు మూడు పెళ్లిళ్లు. రెండోదాన్ని మారుమనువు అన్నాను. మూడోదాన్ని ఏమనాలి? 'తృతీయ వివాహం' మరీ కృతకంగా ఉంది.

జవాబు: రెండింటికీ మారుమనువు అనే రాయండి. ఇక్కడ మారు అంటే 'ఇంకొక' అని. మారుపేరు, మారువేషం, మారుటితల్లి, వీటిలో ఎక్కడా లెక్క లేదు. నాలుగోసారి వేసినా అది మారువేషమే.

పునర్వివాహం అన్నా తప్పేం కాదు. కానీ ఆ మాట వినగానే మనకు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు కట్టుబాటును ఎదిరించి జరిపించిన పెళ్లి గుర్తొస్తుంది. ఫ్రెడరికా సంగతి వేరు. 1793లో పదిహేనేళ్లకే ప్రష్యా రాకుమారుడు లూయీని పెళ్లాడింది. మూడేళ్లకు అతను డిఫ్తీరియాతో పోయాడు. భర్త పోయినావిడ మళ్లీ పెళ్లాడటానికి అక్కడ అడ్డేమీ లేదు. గొడవంతా ఎవరిని చేసుకుంది అన్నదాని మీదే. కేంబ్రిడ్జ్ డ్యూక్ అడాల్ఫస్‌తో సంబంధం అనుకుంటుండగా సోల్మ్స్-బ్రౌన్‌ఫెల్స్ రాకుమారుడి వల్ల నెల తప్పింది. 1798లో హడావుడిగా అతన్నే పెళ్లాడి, బెర్లిన్ వదిలి వెళ్లాల్సి వచ్చింది.

మూడో పెళ్లి దగ్గర మీకు ఇంకో మాట కూడా కావాలి: మేనరికం. 1814లో ఆ రెండో భర్త కూడా పోయాక, మరుసటి ఏడు మే 29న న్యూస్ట్రెలిట్జ్‌లో కంబర్లండ్ డ్యూక్ ఎర్నెస్ట్ ఆగస్టస్‌ను చేసుకుంది. అతని తల్లి, ఇంగ్లండ్ రాణి షార్లెట్, ఫ్రెడరికా తండ్రికి స్వయానా చెల్లెలు. అంటే పెళ్లికొడుకు సొంత మేనత్త కొడుకు! అంతకుముందు తప్పిపోయిన అడాల్ఫస్ ఎవరో కాదు, ఈ ఎర్నెస్ట్ తమ్ముడే. ఒక కొడుకు సంబంధం చెడగొట్టిన మేనకోడలు ఇంకో కొడుక్కి పెళ్లామై వస్తే ఆ తల్లికి ఎలా ఉంటుందో మన ఇళ్లల్లో చెప్పనక్కర్లేదు. ఆగస్టులో లండన్ కార్ల్‌టన్ హౌస్‌లో మళ్లీ పెళ్లి జరిపితే షార్లెట్ రాలేదు. 1818లో చనిపోయేదాకా కోడలిని తన కొలువుకు రానివ్వలేదు. 'కజిన్‌ను పెళ్లాడింది' అని రాసి వదిలేస్తే ఈ కోపమంతా పాఠకుడికి అందకుండా పోతుంది. 'మేనత్తే అత్తగారైంది' అని రాయండి.

ప్రశ్న: చాలా బాగా చెప్పారండీ. కాకపోతే మా వైపు మారుమనువు అంటే కాస్త చులకనగా వినిపిస్తుంది. 1837లో హానోవర్ రాణి అయిన మనిషికి వాడొచ్చా?

జవాబు: నిస్సందేహంగా వాడొచ్చు. మారుమనువు ఆనవాయితీగా ఉన్న కులాలను చిన్నచూపు చూసినవాళ్లే ఆ మాటనూ చిన్నచూపు చూశారు. వాళ్ల కోసం మనం ఇంత మంచి మాటను వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది. రైతుకూలీకైనా రాణికైనా అదే మాట ఉండనివ్వండి. వాక్యాల మధ్యలో 'మళ్లీ పెళ్లాడింది' అన్నా హాయిగా ఉంటుంది. ఉపశీర్షికల్లో మాత్రం 1793కు మనువు, 1798కీ 1815కీ మారుమనువు అని పెట్టండి.