కిటికీ తెరిస్తే కోట పడిపోతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మొన్న పిల్లల్ని తీసుకుని గోల్కొండ కోటకు వెళ్ళాం. గైడు హుషారుగా చెప్పుకుంటూ పోయాడు. కథ ఔరంగజేబు ముట్టడి దగ్గరికి వచ్చేసరికి, "ఎనిమిది నెలలు కొట్టినా లొంగని కోట ఇది. చివరికి కోటలోని సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం తిని రాత్రిపూట కిటికీ తెరిచాడు, మొగల్ సైన్యం లోపలికి వచ్చేసింది" అన్నాడు. మా చిన్నవాడు ఊరుకోకుండా "కిటికీలోంచి అంత సైన్యం ఎలా దూరింది?" అని అడిగాడు. గైడు నవ్వేసి ముందుకు నడిచాడు. నాకూ తెలియదు. కొన్ని వ్యాసాల్లో కూడా కిటికీ అనే చూశాను. అసలు సంగతి ఏమిటి?

జవాబు, సికింద్రాబాద్ నుంచి:
మేడం, మీవాడు సరైన చోటే పట్టుకున్నాడు. అక్కడ తెరిచింది మన ఇంటి కిటికీ లాంటిది కాదు. ఉర్దూలో కోటల గురించి మాట్లాడేటప్పుడు ఖిడ్కీ అంటే పెద్ద దర్వాజా పక్కనో, ఒక్కోసారి ఆ తలుపు చెక్కలోనో ఉండే చిన్న వాకిలి. దాన్ని తెలుగులోకి తెచ్చినవాళ్ళు మాటను తెచ్చారు గానీ అర్థాన్ని అక్కడే వదిలేశారు. మనకు దీనికి ఎప్పటినుంచో మాట ఉంది: దిడ్డి. దిడ్డితలుపు, దిడ్డివాకిలి అంటాం. బ్రౌన్ నిఘంటువు తిరగేసినా దొరుకుతుంది.

గోల్కొండ తలుపుల్ని దగ్గర నుంచి చూసే ఉంటారు. ఏనుగులు కుంభస్థలంతో గుద్దకుండా బయటివైపు ఇనుప ములుకులు దిగేసి ఉంటాయి. అంతంత తలుపుల్ని ఒక మనిషి కోసం తీసి మూయడం అయ్యే పని కాదు. రాత్రి గడియ పడ్డాక కబురు తెచ్చినవాడో, వేగువాడో రావాలంటే దిడ్డే దారి. అందులోంచి ఒక్కొక్కరే రావాలి, అదీ తల వంచుకుని. వంగి వచ్చేవాడు కత్తి దూయలేడు కాబట్టి లోపల ఒక్క కాపలావాడున్నా చాలు, వందమందిని నిలబెట్టేయగలడు. అంతా ఆ కాపలావాడి నమ్మకం మీదే. 1687లో పోయింది ఆ నమ్మకమే. ముందు దిడ్డిలోంచి కొద్దిమంది లోపలికి దూరారు, వాళ్ళు పెద్ద తలుపుల గడియ తీశారు, మిగతా సైన్యం దర్వాజాలోంచి దర్జాగానే వచ్చింది. కిటికీ అని చదివితే ఈ మధ్య మెట్టు మాయమై కథ పిల్లలు కూడా నమ్మనిదిగా తయారవుతుంది.

ముట్టడి సంగతి కూడా ఒక మాట. ఔరంగజేబు తక్కువ ప్రయత్నం చెయ్యలేదు. బురుజుల కింద సొరంగాలు తవ్వించి మందు కూరి పేల్చితే, పేలుడు తిరగబడి అతని మనుషులే పోయారు. పైన వానలు, దండులో తిండి కరువు. ఇవన్నీ చెయ్యలేని పని డబ్బు చేసింది. అదే రాత్రి కోటవైపు అబ్దుల్ రజాక్ లారీ అనే సర్దారు ఒళ్ళంతా గాయాలయ్యేదాకా పోరాడాడు. అతన్ని ఔరంగజేబే వైద్యులను పెట్టి బతికించాడు. మన గైడ్లు పన్నీ పేరు చెప్పినంత గట్టిగా లారీ పేరు చెప్పరు, అదొక బాధ.

ఇక మాట పుట్టుక. హిందీ ఖిడ్కీకి మూలమనుకునే ఖడక్కికా అనే మాటకు సంస్కృత నిఘంటువుల్లో పక్కవాకిలి, చాటువాకిలి అనే అర్థం. బెంగాలీలో ఈ రోజుకీ ఖిడ్కి అంటే ఇంటి వెనక తలుపే. అంటే చిన్నవాకిలి అన్నదే పాత అర్థం, గాలి వెలుతురు వచ్చే కిటికీ తర్వాత వచ్చినది. మన తెలుగులోకి ఆ రెండో అర్థమే దిగి స్థిరపడింది.

గుంటూరు నుంచి:
మా వైపు గుళ్ళలో పెద్ద తలుపులకు దిడ్డి ఉంటుంది సార్. పూజారి గారు తెల్లవారుజామున దాంట్లోంచే వెళ్ళేవారు. ఒక అనుమానం. దొడ్డిదారి అనేది దిడ్డిదారి నుంచి వచ్చిందంటారు కొందరు. నిజమేనా?

సికింద్రాబాద్:
నాకు ఒప్పదు. దొడ్డి అంటే పెరడు, పశువుల్ని కట్టే చోటు. వీధి గుమ్మం వదిలేసి పెరటి వైపు నుంచి వచ్చేది దొడ్డిదారి, అర్థం సరిగ్గానే కుదురుతోంది కదా. దిడ్డి ఉండేది ముందు తలుపులోనే. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో పెద్ద గేటు మూసి ఉన్నప్పుడు అందులోనే వాచ్‌మన్ తెరిచే చిన్న గేటు ఉంటుంది చూడండి, అది అచ్చమైన దిడ్డి. మనం దాన్ని చిన్న గేటు అంటున్నాం, అంతే.

లంగర్‌హౌజ్ నుంచి:
మా ఇల్లు ఫతే దర్వాజాకు దగ్గరే అన్నా. మేము ఇంట్లో కిటికీని కూడా ఖిడ్కీ అనే అంటాం, అందుకే నాకు ఇన్నాళ్ళూ ఈ అనుమానం రాలేదు. పొద్దున్నే ఆఫీసు టైంలో ఆ దర్వాజాలోంచి ఆటోలు, స్కూలు బస్సులు, బైకులు అన్నీ ఒకేసారి దూరుతుంటాయి. ఔరంగజేబు ఇప్పుడు వస్తే ట్రాఫిక్‌లోనే ఆగిపోతాడు. ఒకటి గమనించారా, ఫతే అంటే గెలుపు. ఆ గెలుపు ఎవరిది? మొగలులది. ఓడిపోయిన కోట, గెలిచినవాడి పేరునే తన వాకిలికి పెట్టుకుని మూడు వందల ఏళ్ళకు పైగా మోస్తోంది.

ఇంకొకటి. పాతబస్తీ చుట్టూ ఉన్న గోడకు కూడా దర్వాజాలతో పాటు ఖిడ్కీలు ఉండేవి. గోడ దాదాపు పోయింది, దర్వాజాల్లో దబీర్‌పురా, పురానాపూల్ లాంటివి మిగిలాయి. ఖిడ్కీ బూద్ అలీ షా అని బస్తీ పేరు ఇంకా వినిపిస్తుంది. అక్కడ ఎవరి కిటికీ అని వెతికేవాళ్ళకు ఇప్పుడు జవాబు దొరికినట్టే.

ప్రశ్న వేసినవారు:
అందరికీ థాంక్స్. అలాగే గొల్లకొండే గోల్కొండ అయిందన్నది ఖాయమేనా? గొల్లపిల్లవాడికి విగ్రహం కనిపించిన కథ కూడా గైడు చెప్పాడు.

సికింద్రాబాద్:
గొల్ల + కొండ అన్నది మాటగా చక్కగా కుదురుతుంది. కథ మాత్రం పేరును చూసి తర్వాత అల్లి ఉండొచ్చని నా అభిప్రాయం. ఊరి పేర్ల కథలు చాలావరకు అలాగే పుడతాయి. కథ కంటే నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకోటి. కాకతీయుల తర్వాత ముసునూరి కాపయ నాయకుడు 1360లలో ఈ కోటను బహమనీ సుల్తానులకు వదులుకున్నాడు. వాళ్ళు దీనికి మహమ్మద్‌నగర్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పుడు ఎవరికి గుర్తుంది? ఆ తర్వాత కుతుబ్‌షాహీలు రాతికోట కట్టి, మహళ్ళు లేపి, నీళ్ళు కొండ మీదికెక్కించి, చాలా వాకిళ్ళకూ బురుజులకూ తమ భాషలో పేర్లు పెట్టుకున్నారు. కట్టిన వాటిలో చాలావాటికి పార్శీ, అరబ్బీ పేర్లు నిలిచాయి గానీ అడుగున ఉన్న కొండ మాత్రం తెలుగు కొండగానే ఉండిపోయింది. పైన బారాదరి మంటపానికి వెళ్ళే దారిలో జగదాంబిక గుడి ఉంది, ఆషాఢంలో నగరం బోనాలు మొదలయ్యేది అక్కడే.

కొండ మీది కోటకున్న బాలా హిసార్ అనే పేరు విషయంలోనూ పొరపడేవాళ్ళున్నారు. అది బాల కాదు, పార్శీలో బాలా అంటే పైన. హిసార్ అంటే కోట. పైకోట అంటే సరిపోతుంది. కాబూల్లో, పెషావర్‌లో కూడా ఇదే పేరుతో కోటలున్నాయి. మన బాలా హిసార్ దర్వాజా మీద మాత్రం సున్నంతో చేసిన యాళిలు (సింహంలా ఉండే ఊహా మృగాలు), నెమళ్ళు ఉంటాయి. పార్శీ పేరున్న వాకిలి మీద మన గుళ్ళలో కనిపించే జంతువులు. వాటి కింద నిలబడి, పైకోట దాకా వినిపిస్తుందని చప్పట్లు కొట్టే హడావుడిలో తల పైకెత్తి చూసేవాళ్ళు తక్కువ.

గుంటూరు:
మరి పార్శీ పేర్లే మనమీదికొచ్చాయా, మనం వాళ్ళ పేర్లను మార్చుకోలేదా?

సికింద్రాబాద్:
ఎందుకు మార్చుకోలేదు! గోల్కొండను ఏలిన మాలిక్ ఇబ్రహీం (ఇబ్రహీం కుతుబ్‌షా) మన కవుల చేతిలో పడి మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితం ఇచ్చింది ఆయనకే. చివరి సుల్తాను అబుల్ హసన్ సంగతి ఇంకా విడ్డూరం. తానాషా అని ఆయన బిరుదు. హిందీలో ఇప్పుడు తానాషాహ్ అంటే నియంత, రాజకీయ నాయకులు ఒకరినొకరు తిట్టుకునే మాట. మన తెలుగులో ఆయనే తానీషా. రామదాసును చెరలో పెట్టినా, రామోజీ లక్ష్మోజీ వచ్చి బాకీ కట్టినప్పుడు వాళ్ళను కళ్ళారా చూసిన పుణ్యాత్ముడిగానే జనం కథల్లో మిగిలాడు. అక్కన్న మాదన్నలను మంత్రుల్ని చేసుకున్న రాజు కూడా ఆయనే. మీ చిన్నవాడు స్కూల్లో హిందీ చదువుతుంటే ఈ రెండు అర్థాలూ ఒకసారి చెప్పి చూడండి మేడం. ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది.