రియల్ అనాలసిస్ మొదటి మిడ్‌టర్మ్‌లో 41. కోర్సు వదిలేయాలా, ఉండాలా?

సగంప్రూఫ్:
మ్యాథ్స్ మేజర్, రెండో సంవత్సరం. రియల్ అనాలసిస్ (కాల్‌క్యులస్‌ని నిరూపణలతో కట్టే సబ్జెక్ట్) 4 క్రెడిట్ల కోర్సు, ఇప్పుడు ఏడో వారం. మొదటి మిడ్‌టర్మ్‌లో నూటికి 41 వచ్చాయి, క్లాసు మీడియన్ 58. హోంవర్క్ సగటు మాత్రం 70 శాతం ఉంది. వారానికి 18 గంటలు ఈ ఒక్కదానికే పోతున్నాయి.

మార్కుల పంపకం: హోంవర్క్ 20, రెండు మిడ్‌టర్మ్‌లు 25 చొప్పున, ఫైనల్ 30. మొత్తం 60 దాటితే సి, 75 దాటితే బి. విత్‌డ్రా (కోర్సు మధ్యలో వదలడం) గడువు పదో వారం శుక్రవారం. రెండో మిడ్‌టర్మ్ పదకొండో వారంలో, అంటే ఆ మార్కు చూసుకుని తేల్చుకునే వీలు లేదు. ఈ సెమిస్టర్‌లో మొత్తం 16 క్రెడిట్లు. ఇంతవరకు 48 క్రెడిట్లకు జీపీఏ (గ్రేడ్ల సగటు, 4కి) 3.4. ఏ లెక్కన తేల్చుకోవాలో చెప్పగలరా?

ఆఫీస్_అవర్స్:
ముందు కూడికలు చేద్దాం, భయం సంగతి తర్వాత. హోంవర్క్ ఇలాగే సాగితే 20కి 14. మొదటి మిడ్‌టర్మ్ నుంచి 25కి 10.25. చేతిలో ఉన్నవి 24.25. సి కావాలంటే ఇంకా 35.75 రావాలి, మిగిలినవి 55. అంటే రెండో మిడ్‌టర్మ్, ఫైనల్ కలిపి సగటున 65 శాతం. బి కావాలంటే 55కి 50.75, అంటే 92 శాతం పైమాట. బి సంగతి మర్చిపోండి. ప్రశ్నల్లా 41 తెచ్చుకున్న చేయి 65 తేగలదా అన్నదే.

సిలబస్ కాగితం మళ్లీ చదవండి. "ఫైనల్‌లో ఎక్కువ వస్తే తక్కువ వచ్చిన మిడ్‌టర్మ్ స్థానంలో దాన్నే లెక్కిస్తాం" అనే వాక్యం చాలా కోర్సుల్లో ఉంటుంది. అది ఉంటే మీ 41 చెరిగిపోతుంది, ఫైనల్ బరువు 30 నుంచి 55కి పెరుగుతుంది. అప్పుడు హోంవర్క్ 14 పోను 80కి 46 చాలు, అంటే 57.5 శాతం. ఆ ఒక్క వాక్యం ఉందా లేదా అన్నదాని మీద మీ జవాబే మారిపోవచ్చు.

ఇంకో మాట. హోంవర్క్‌లో 70, పరీక్షలో 41 అంటే ఆ మధ్యలో ఉన్న 29 ఎక్కడివి? పుస్తకం తెరిచి పెట్టుకునో, పక్కవాళ్లతో మాట్లాడుకుంటూనో చేసిన హోంవర్క్ అయితే ఆ 70ని మీ బలం కింద లెక్కేయకండి.

డెల్టా_ముందు:
41 అన్న అంకె దానంతటది ఏమీ చెప్పదు. పోయిన 59 ఎక్కడ పోయాయో చూడాలి. జవాబు పత్రం తీసుకుని, పోయిన ప్రతి మార్కు పక్కన కారణం రాయండి: నిర్వచనం రాలేదు, నిర్వచనం తెలిసీ ప్రూఫ్ కట్టలేకపోయాను, అసమానతల దగ్గర తప్పాను, టైము చాలలేదు. కూడి చూడండి.

తర్వాత ఒక తెల్ల కాగితం, 50 నిమిషాలు, పుస్తకం మూసి మూడు పనులు చేయండి.

మొదటిది: ఆరు నిర్వచనాలు. సీక్వెన్స్ (సంఖ్యల వరుస) లిమిట్, కోషీ సీక్వెన్స్, సుప్రీమం, లిమిట్ పాయింట్, ఒక బిందువు దగ్గర కంటిన్యుటీ, యూనిఫామ్ కంటిన్యుటీ (అన్ని బిందువులకూ ఒకే డెల్టా). ప్రతిదాని కింద దాని వ్యతిరేకం కూడా రాయాలి. "సీక్వెన్స్ ఎల్‌కి చేరదు" అంటే "ఎల్ నుంచి దూరంగా పోతుంది" అని కాదు. ఏదో ఒక ధన ఎప్సిలాన్ ఉంది, ఎంత పెద్ద ఎన్ తీసుకున్నా దాని తర్వాత ఎల్‌కి కనీసం ఎప్సిలాన్ దూరంలో ఉన్న పదం ఒకటైనా దొరుకుతుంది అని. వ్యతిరేకం రాయలేకపోతే నిర్వచనం బట్టీ పట్టారే గానీ అర్థం కాలేదన్నమాట.

రెండోది: ఎక్స్ స్క్వేర్ 2 దగ్గర కంటిన్యువస్ అని ఎప్సిలాన్-డెల్టాతో నిరూపించండి. అంటే ఎంత చిన్న ఎప్సిలాన్ ఇచ్చినా, ఎక్స్ 2కి డెల్టా లోపు ఉంటే ఎక్స్ స్క్వేర్ 4కి ఎప్సిలాన్ లోపు ఉండేలా ఒక డెల్టా చూపించాలి. సగం మంది ఇక్కడే బోర్లాపడతారు. (ఎక్స్−2)(ఎక్స్+2) అని విడగొట్టి, డెల్టా = ఎప్సిలాన్ / |ఎక్స్+2| అని రాసేస్తారు. చూపుకి బాగానే ఉంటుంది, మార్కులు మాత్రం రావు. ఎందుకంటే డెల్టాని ఎక్స్ కన్నా ముందే ఎంచుకోవాలి, అది ఎక్స్ మీద ఆధారపడకూడదు. సరైన దారి: ముందు |ఎక్స్−2| ని 1 కంటే తక్కువ చేయండి. అప్పుడు ఎక్స్ 1కీ 3కీ మధ్యన ఉంటుంది, కాబట్టి |ఎక్స్+2| విలువ 5 దాటదు. ఇక డెల్టాగా 1, ఎప్సిలాన్/5 ఈ రెంటిలో చిన్నది తీసుకుంటే పని అయిపోయింది. చిత్తులో వెనక నుంచి ముందుకు లెక్క కట్టి, ఫెయిర్‌లో ముందు నుంచి వెనక్కి రాయాలి. చిత్తునే దిద్ది జవాబుగా పెడితే ప్రూఫ్ తలకిందులవుతుంది.

మూడోది: పక్కపక్క పదాల తేడా సున్నాకి పోతే ఆ సీక్వెన్స్ కోషీ అవుతుందా? కాదు. వర్గమూలం ఎన్ చూడండి. వరుస పదాల తేడా 1/(వర్గమూలం(ఎన్+1) + వర్గమూలం ఎన్), అది సున్నాకే పోతుంది, సీక్వెన్స్ మాత్రం అనంతానికి. కోషీ అంటే వరుసలో తగినంత ముందుకు వెళ్లాక ఏ రెండు పదాలైనా దగ్గరగా ఉండాలి, ఇరుగుపొరుగు పదాలే కాదు.

ఇక తీర్పు. మొదటి పని చెడిపోయి మిగతావి ఒక మాదిరిగా వస్తే అది పదిరోజుల జబ్బు, ఉండిపోవచ్చు. మొదటిది బాగుండి రెండోది రాకపోతే చేయి తిరగాలి. పదిహేను ఇరవై ప్రూఫులు సొంతంగా రాయాలి, మూడు వారాలు పడుతుంది. "ప్రతి ఎప్సిలాన్‌కి ఒక డెల్టా ఉంది", "ఒకే డెల్టా ప్రతి ఎప్సిలాన్‌కీ పనిచేస్తుంది" ఈ రెండు వాక్యాల తేడా చదివాక కూడా తెలియకపోతే ఇక ఈదకండి. వదిలేసి, ముందు ప్రూఫులు రాయడం నేర్పే కోర్సు చేసి రండి. త్రిభుజ అసమానత దగ్గరే తడబడుతున్నా అంతే.

ఎందుకింత కచ్చితంగా అంటున్నానంటే, రెండో సగం మొదటి సగం మీదే నిలబడుతుంది. కాంపాక్ట్‌నెస్, రీమాన్ ఇంటిగ్రల్, ఫంక్షన్ల యూనిఫామ్ కన్వర్జెన్స్ అన్నీ. ఆ చివరిది సరిగ్గా ఈ "ఏది ముందు, ఏది తర్వాత" తగాదానే, ఇంకో వేషంలో. ఇప్పటి గుంత పూడ్చకపోతే అది అలాగే ఉండిపోదు, పెద్దదవుతుంది.

నిబంధన_పుస్తకం:
మ్యాథ్స్ వాళ్లు మ్యాథ్స్ చెప్పారు, కాగితాల సంగతి నేను చెప్తాను. డ్రాప్, విత్‌డ్రా ఒకటి కాదు. డ్రాప్ సాధారణంగా మొదటి వారాల్లోనే, మార్కుల పత్రంలో జాడ ఉండదు. మీది ఏడో వారం కాబట్టి విత్‌డ్రా. గ్రేడు బదులు డబ్ల్యూ పడుతుంది, జీపీఏలో కలవదు, ఫీజు వెనక్కి రావడం మాత్రం కష్టం.

జీపీఏ లెక్క ఇదీ. ఈ సెమిస్టర్ మిగతా 12 క్రెడిట్లు కూడా 3.4తోనే వచ్చాయనుకుందాం. డబ్ల్యూ అయితే 3.4 అలాగే ఉంటుంది. సి వస్తే 3.31. డి వస్తే 3.25. ఎఫ్ వస్తే 3.19. చూశారా, సికీ డబ్ల్యూకీ మధ్య పదో వంతు కూడా తేడా లేదు. సి వచ్చే అవకాశం నిజంగా ఉంటే జీపీఏ కోసం పారిపోనక్కర్లేదు.

అసలు ప్రమాదం ఎఫ్ కన్నా డి. చాలా డిపార్ట్‌మెంట్లు తర్వాతి కోర్సుకి కనీసం సి అడుగుతాయి. డి వస్తే క్రెడిట్లు వస్తాయి, తలుపు తెరుచుకోదు. కొన్నిచోట్ల పాసైన కోర్సుని మళ్లీ తీసుకోనివ్వరు కూడా. మళ్లీ రాస్తే పాత గ్రేడు చెరిపేస్తారా, రెండూ కలిపి సగటు తీస్తారా అన్నది ఇప్పుడే కనుక్కోండి.

16లోంచి 4 పోతే 12. చాలా యూనివర్సిటీల్లో ఫుల్‌టైమ్‌కి కనీసం అదే, మీ దగ్గర ఎంతో చూసుకోండి. దానికి ఒక్కటి తగ్గినా స్కాలర్‌షిప్, హాస్టల్ కదులుతాయి. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకైతే వీసాకే ఎసరు, ముందు అనుమతి లేకుండా ఫారం ముట్టుకోవద్దు. ఇంకోటి, ఈ కోర్సు మళ్లీ ఎప్పుడు పెడతారు? ఏడాదికి ఒక్కసారే అయితే, దీని మీద ఆధారపడిన కోర్సులన్నీ ఏడాది వెనక్కి జరుగుతాయి. పట్టా ఆలస్యం అయ్యేది అక్కడే.

కాగితం_కలం:
అందరూ 41 చుట్టూ తిరుగుతున్నారు, నాకు 18 కనిపిస్తోంది. 4 క్రెడిట్లకు క్లాసు బయట వారానికి 8 నుంచి 12 గంటలన్నది మామూలు లెక్క. 18 పెట్టి కూడా 41 అంటే ఇంకో ఆరు గంటలు కలిపితే బాగుపడే వ్యవహారం కాదిది. చదివే తీరు మారాలి, లేదా వదలాలి. పైగా ఆ అదనపు గంటలు మిగతా 12 క్రెడిట్ల నోటి దగ్గర కూడు. అక్కడ ఒక ఎ కాస్తా బి అయితే ఆ నష్టాన్నీ ఈ ఖాతాలోనే రాయండి. డెల్టా_ముందు గారి పరీక్ష బాగుంది, కానీ ఉండటానికి సాకు వెతుక్కునేవాళ్లకి ఏ పరీక్షైనా పాసైనట్టే ఉంటుంది. గీత ముందే గీసుకుని కూర్చోండి.

సగంప్రూఫ్:
లెక్క వేశాను. 59లో: నిర్వచనాలు తప్పో సగమో రాసినందుకు 19. యూనిఫామ్ కంటిన్యుటీ ప్రశ్నలో డెల్టాని బిందువు తర్వాత ఎంచుకున్నందుకు 12. అసమానతల్లో 8. ఐదో ప్రశ్న అసలు ముట్టుకోలేదు, 20. తెల్ల కాగితం పరీక్షలో నిర్వచనాలు ఆరింట నాలుగు వచ్చాయి, వ్యతిరేకాలు రెండే. ఎక్స్ స్క్వేర్ దగ్గర నేనూ ఎప్సిలాన్ / |ఎక్స్+2| అనే రాశాను. మూడోది వచ్చింది. సిలబస్‌లో మార్పిడి నిబంధన ఉంది, తక్కువ వచ్చిన మిడ్‌టర్మ్ బదులు ఫైనల్ లెక్కిస్తారు.

డెల్టా_ముందు:
అయితే ఇది వదిలేసే కేసని ఇప్పుడే అనలేను. 19, 12 కలిపితే 31. ఇవి రెండూ ఒకే జబ్బు, నిర్వచనంలో పదాల వరుస. ఐదో ప్రశ్నకి టైము చాలకపోవడానికి కూడా చాలావరకు అదే కారణం అయ్యుంటుంది. నిర్వచనం గుర్తు తెచ్చుకోవడానికే పది నిమిషాలు పోతే ప్రూఫ్‌కి ఏం మిగులుతుంది?

ఎనిమిదో వారమంతా నిర్వచనాలే. ఇప్పటిదాకా వచ్చినవి పాతికకు మించి ఉండవు. ఒక్కో కార్డు మీద నిర్వచనం, వ్యతిరేకం, సరిపోయే ఉదాహరణ, సరిపోని ఉదాహరణ. యూనిఫామ్ కంటిన్యుటీ కార్డు మీద సరిపోనిదిగా (0, 1) మీద సైన్(1/ఎక్స్) పెట్టుకోండి. బౌండెడ్, కంటిన్యువస్, అయినా యూనిఫామ్ కాదు. రోజూ పొద్దున ఐదు కార్డులు చూడకుండా రాయాలి. చదవడం లెక్కలోకి రాదు.

తొమ్మిదో వారం ప్రూఫులు. ఒక్కోదాంతో 40 నిమిషాలు కుస్తీ పట్టండి. రాకపోతే సొల్యూషన్‌లో మొదటి పంక్తి మాత్రమే చూసి మూసేయండి. అయినా రాకపోతే మొత్తం చదివి, రెండు రోజుల తర్వాత తెల్ల కాగితం మీద మళ్లీ రాయండి. ఈ ఆఖరి మెట్టు వదిలేసేవాళ్లే 18 గంటలు పెట్టి ఏమీ మిగలకుండా కూర్చుంటారు.

పదో వారం మొదట్లో పాత ప్రశ్నపత్రం ఒకటి, టైము పెట్టుకుని, రెండో మిడ్‌టర్మ్‌దే, అప్పటికి క్లాసులో అయిన ప్రశ్నల వరకు. 60 దాటితే ఉండండి, మీకు కావాల్సింది 57.5 కదా. 50 లోపైతే విత్‌డ్రా. మధ్యలో ఉంటే ఆ పేపర్ పట్టుకుని ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లండి.

ఆఫీస్_అవర్స్:
ప్రొఫెసర్‌ని "వదిలేయమంటారా?" అని అడక్కండి, "మీ ఇష్టం" అంటారు. ఇలా అడగండి: పోయినసారి మొదటి మిడ్‌టర్మ్‌లో 40 దగ్గర వచ్చినవాళ్లలో సి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారా? 60 అన్నది మారని గీతా, చివర్లో కిందికి జరుపుతారా? నా ఈ ప్రూఫ్‌లో మార్కు ఎక్కడ పోయింది? మూడో ప్రశ్నకి ఆయన జవాబు చెప్పే తీరులోనే మీ పరిస్థితి చాలావరకు తెలిసిపోతుంది. పదో వారం దాకా ఆగకండి, ఈ వారమే వెళ్లండి.

సగంప్రూఫ్:
సరే. పాత పేపర్ మంగళవారం పెట్టుకుంటాను. విత్‌డ్రా అని తేలితే క్లాసుకి వెళ్లడం మానేస్తే సరిపోతుందా?

నిబంధన_పుస్తకం:
అస్సలు కాదు. ఫారం పెట్టకుండా క్లాసు మానేస్తే చాలాచోట్ల నేరుగా ఎఫ్ పడుతుంది. ఫారం నింపాలి, అడ్వైజర్ సంతకం కావాలి, తర్వాత మీ లాగిన్‌లో ఆ కోర్సు పక్కన డబ్ల్యూ కనిపించేదాకా పని అయినట్టు కాదు. ఆ పేజీ ఒక కాపీ దాచుకోండి. అడ్వైజర్ గురువారం సీట్లో లేకపోతే శుక్రవారం పరుగులే, అందుకని పాత పేపర్ మంగళవారం కాదు, సోమవారం రాయండి.