మా నాన్న మందుల ట్రయల్‌కి సంతకం పెట్టి వచ్చాడు: జిల్లా ఆస్పత్రుల్లో ఇవి పెట్టొచ్చా?

మూసీ ఒడ్డు:
అందరికీ నమస్తే. మాది నకిరేకల్ దగ్గర ఊరు, నేను ఉప్పల్‌లో ఉంటాను. పోయిన ఆదివారం ఇంటికి పోతే నాన్న బీరువాలోంచి ఒక ఫైలు తీసి చూపించాడు. ఆయనకు పదకొండేళ్లుగా షుగర్. ఎప్పుడూ చూపించుకునే ఆస్పత్రిలోనే (జిల్లాలోదే, పేరు వద్దు) "కొత్త మందు వచ్చింది, ఆర్నెల్లు ఫ్రీ, టెస్టులు ఫ్రీ, వచ్చినప్పుడల్లా అయిదు వందలు చార్జీలు" అన్నారట. సంతకం పెట్టేశాడు.

ఫైల్లో 19 పేజీల ఫారం ఉంది. తెలుగే. కానీ ఎం.కాం చదివిన నాకే అర్థం కాలేదు. "ఇది యాదృచ్ఛికీకరించబడిన, ద్వంద్వ అంధ, సమాంతర సమూహ అధ్యయనం" అని ఉంది. చదివి వినిపిస్తే నాన్న "అంధ అంటే? కండ్లు పోతయా బిడ్డా?" అన్నాడు. అప్పటిదాకా నాకు లేని టెన్షన్ అప్పుడు పట్టుకుంది.

నాన్న సంగతి నేను చూసుకుంటాను. నేనడిగేది వేరే. డబ్బుల్లేకనే ఈ ఆస్పత్రులకు వచ్చే మనుషుల మీద కంపెనీల ట్రయల్స్ పెట్టడం న్యాయమేనా? లేక నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

కోదాడ కెమిస్ట్:
ఎక్కువేం కాదు తమ్ముడూ, తక్కువే ఆలోచిస్తున్నావు. ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతారని మనోళ్ల సంగతి కంపెనీలకు తెలుసు. 2011లో మాకు కృష్ణ అవతల పిడుగురాళ్ల ఆడవాళ్లను హైదరాబాద్ తీసుకుపోయి క్యాన్సర్ మందు పరీక్ష చేశారని ఎంత గొడవైంది? కూలీకి పోయేవాళ్లు, డబ్బులు వస్తాయంటే పోయారు. 2017లో జమ్మికుంట వైపు అదే కథ. ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. కంపెనీ మనిషి ఊరికే టీ కూడా తాగించడు. సంతకం వెనక్కి తీసుకోమని చెప్పు.

పాలమూరు సారు:
కెమిస్ట్ గారూ, రెండు వేర్వేరు సంగతులను ఒకే మూట కట్టకండి. పిడుగురాళ్లలో, జమ్మికుంటలో జరిగింది రోగం లేని మనుషులకు మందు మింగించి రక్తంలోకి ఎంత పోయిందో కొలిచే పరీక్ష. బయో ఈక్వివలెన్స్ అంటారు. అందులో మందు తిన్నవాడికి వచ్చే లాభం డబ్బు ఒక్కటే, కాబట్టి డబ్బు అవసరమున్నవాడే పోతాడు. ఈ తమ్ముడి నాన్నగారిది అలాంటిది కాదు. ఆయనకు షుగర్ ఉంది, కొత్త మందు పాతదానికంటే బాగా పనిచేస్తుందా లేదా అని చూస్తున్నారు. చాలావరకు మూడో ఫేజ్ అయి ఉంటుంది, అంటే మందుకు అనుమతి రాకముందు ఎక్కువమంది రోగుల మీద చేసే పెద్ద పరీక్ష.

డబ్బు సంగతికొస్తే అది ఇవాళ పుట్టింది కాదు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడు. ఆ దోమల కడుపులోనే మలేరియా గుట్టు దొరికింది. రాస్‌కు నోబెల్ వచ్చింది, హుసేన్ ఖాన్‌కు అణాలు వచ్చాయి. నేను ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పాను. ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవాళ్లు, నాకు నవ్వు వచ్చేది కాదు. అలాగని ఆ ప్రయోగం జరగకూడదని మాత్రం అనలేను.

ఇంకొకటి. ట్రయల్స్ అన్నీ హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రుల్లోనే జరిగితే ఆ మందు ఏసీ గదిలో కూర్చునేవాళ్ల మీదే పరీక్షకు నిలిచినట్టు. ఎర్రటి ఎండలో పత్తి ఏరి, మూడు పూటలా అన్నం తినే మనిషికి అది ఎలా పనిచేస్తుందో ఎవరు చూడాలి? మనల్ని ఎవరు చూడాలి?

మర్రిగూడ బిడ్డ:
సారూ, మీరు పెద్దోళ్లు, తప్పుగా అనుకోకండి. "మనల్ని ఎవరు చూడాలి" అన్నారు చూడండి, అక్కడ మండింది నాకు.

మమ్మల్ని చూసినంతగా ఇంకెవర్నీ చూసి ఉండరు. మా దిక్కు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి నిజాం కాలంలోనే, 1945లో, డాక్టర్ల పత్రికలో రాశారు. 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ప్రపంచమంతా పుస్తకాల్లో చదువుకుంటోంది. మా తాతకు మాత్రం మెడ తిరగలేదు, చచ్చేదాకా మనిషిని చూడాలంటే మొత్తం ఒళ్లు తిప్పేవాడు.

నేను చిన్నప్పుడు మా బడికి జీపు వచ్చేది. పండ్లు చూపించమనేవాళ్లు, సీసాలో మూత్రం పోయించుకునేవాళ్లు, మోకాళ్లు వంకరగా ఉన్న పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీసేవాళ్లు. ఒక్కడన్నా తిరిగొచ్చి "నీ మూత్రంలో ఇంత ఉంది, ఇది తిను, ఇది తినకు" అని చెప్పలేదు. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ పోతుందని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్ వాళ్లు పిల్లల మీద చూసి 2002లోనే రాశారట. ఆ సంగతి నాకు డిగ్రీలో నెట్‌లో కనిపించింది. మా అమ్మకు ఎవరూ చెప్పలేదు. చింతపండుకు కంపెనీ లేదు కదా, ప్రచారం ఎవరు చేస్తారు!

కాబట్టి నాది ఒకటే ప్రశ్న. ట్రయల్ పెట్టండి, వద్దనను. ఏం తేలిందో మా ఊరికొచ్చి చెప్తారా?

స్టడీ అక్క:
నేను నర్సింగ్ చేసి, ఆరేళ్లు ట్రయల్ కోఆర్డినేటర్‌గా పనిచేసి మానేశాను. జిల్లా చెప్పను. తెలిసినంత చెప్తాను.

తమ్ముడూ, ముందు ఆ "ద్వంద్వ అంధ" భయం వదిలెయ్. డబుల్ బ్లైండ్ అని. నాన్నగారికి ఇచ్చే డబ్బాలో కొత్త మందు ఉందా, పాత మందు ఉందా అనేది ఆయనకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. తెలిస్తే ఇద్దరూ తెలియకుండానే ఫలితాన్ని వంచుతారు. ప్రాణం మీదికొస్తే డబ్బా మీది కోడ్ విప్పి చూస్తారు. "యాదృచ్ఛికీకరణ" అంటే చీటీలు వేసినట్టు, ఎవరికి ఏ మందన్నది చీటీ ప్రకారం. ఈ రెండు వాక్యాలు ఫారంలో రాస్తే ఏం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అనువాదం చేయిస్తారు, "తెలుగు నకలు జతచేయబడినది" అని టిక్కు పడుతుంది, అయిపోతుంది.

ఇప్పుడు నడిచేది 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి. సంతకం పెట్టిన ఫారం నకలు రోగికి ఇవ్వాలి. మీకిచ్చారు, అది మంచి గుర్తే. చదువు రానివాళ్లయితే ఆస్పత్రికి సంబంధం లేని సాక్షి పక్కనుండి సంతకం పెట్టాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానుకోవచ్చు, మామూలు వైద్యం ఆపకూడదు. ఏదైనా పెద్ద తేడా జరిగితే 24 గంటల్లో ఎథిక్స్ కమిటీకి (ట్రయల్ న్యాయంగా ఉందా అని చూసి ఒప్పుకునే కమిటీ), కంపెనీకి, ఢిల్లీలోని డ్రగ్ కంట్రోలర్‌కు డాక్టరు రాయాలి. ట్రయల్ వల్ల దెబ్బ తగిలితే వైద్యం ఫ్రీ, పరిహారం వేరు. ప్రాణం పోతే వయసు, జబ్బు లెక్కేసి 2 లక్షల నుంచి 73.6 లక్షల దాకా ఫార్ములా ఉంది.

కాగితం మీద ఇంత ఉంది. ఇక నేను చూసింది చెప్తాను. పదకొండింటికి ఓపీ నిండి ఉంటుంది. డాక్టరు "అమ్మా, వీళ్లకు చెప్పు" అని నా వైపు తోస్తాడు. నేను మొదలుపెడతాను. మూడో పేజీకి రాకముందే పేషెంట్ "యాడ పెట్టాలె బిడ్డా ఏలు?" అంటాడు. బస్సు టైమవుతోంది కదా. ఆగి మొత్తం చెప్పిన రోజులున్నాయి, చెప్పని రోజులూ ఉన్నాయి. నెలకు ఇంతమంది చేరాలని పైనుంచి ఫోన్లు. ఒక్కో పేషెంటుకు ఇంత అని కంపెనీ ఆస్పత్రికి కడుతుంది. ఆ లెక్క ఎథిక్స్ కమిటీ ముందు పెడతారు, పేషెంట్‌కు ఎవరూ చెప్పరు.

కోదాడ కెమిస్ట్:
అదీ సంగతి. ఎథిక్స్ కమిటీ అంటారు, వాళ్ల బిల్డింగ్‌లోనే కూర్చుంటుంది, వాళ్ల టీనే తాగుతుంది.

స్టడీ అక్క:
అన్నా, సగం మంది బయటివాళ్లు ఉండాలి, కనీసం ఏడుగురు ఉండాలి, వాళ్లలో లాయరు, డాక్టరు కాని మామూలు మనిషి, ఆడమనిషి తప్పనిసరి. మా దగ్గర ఆ మామూలు మనిషిగా ఒక రిటైర్డ్ పోస్టుమాస్టర్ వచ్చేవాడు. "మా ఆవిడకు చదివి వినిపించిన, ఆమెకు తెల్వలేదు" అని ఒకసారి ఫారం వెనక్కి పంపాడు. ఆ కమిటీలో పనికొచ్చే ప్రశ్న నేను విన్నది అదొక్కటే, అడిగింది కూడా డాక్టరు కాదు. అలాంటివాళ్లు ఉంటే ఉపయోగం, లేకపోతే మీరన్న టీయే.

అడ్మిన్:
ఆస్పత్రి పేరు రాసిన ఒక కామెంట్ తీసేశాను. పేర్లు వద్దు అన్నాం కదా.

పాలమూరు సారు:
మర్రిగూడ బాబూ, నీ కోపం తప్పు కాదు. నేను అన్న మాటలో "మనల్ని" అన్నది నేను మా పాలమూరు వలస కూలీని దృష్టిలో పెట్టుకుని అన్నాను. బొంబాయిలో, పూణెలో పనిచేసి జబ్బుతో తిరిగొచ్చేవాణ్ని నిజంగా ఎవరూ లెక్కించరు.

మందులే కాదు, ఆహారం మీద కూడా ట్రయల్ పెట్టొచ్చు. 2019 నుంచి 2022 దాకా జార్ఖండ్‌లో 2,800 మంది టీబీ రోగుల ఇళ్లలో అలాంటిదే జరిగింది. కొన్ని ఇళ్లలో ఇంటిల్లిపాదికీ బియ్యం, పప్పు ఇచ్చారు, కొన్నింట్లో రోగికి మాత్రమే ఇచ్చారు. ఇంటిల్లిపాదికీ ఇచ్చిన చోట మిగతావాళ్లకు టీబీ రావడం 39 శాతం తగ్గింది. చీటీ వేసి పంచిందే ఇదీ. ఇలాంటివి మన జిల్లాలోనూ జరగాలంటాను. అందరినీ తరిమేస్తే కంపెనీవాడితో పాటు వీళ్లూ పోతారు.

మర్రిగూడ బిడ్డ:
సార్, అది జార్ఖండ్. పక్కనున్న ఖమ్మంలో ఏం జరిగింది? 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

పాలమూరు సారు:
ఆ మరణాలు టీకా వల్ల కాదని విచారణలో తేలింది. ఆ టీకా ఇవాళ ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. ఇది కూడా చెప్పాలి.

మర్రిగూడ బిడ్డ:
చెప్తాను సార్. టీకా మంచిదే కావచ్చు. 2013లో పార్లమెంటు కమిటీ అనుమతి తీసుకున్న తీరును కూడా తప్పుబట్టింది. మంచి మందయినా సరే, నా బిడ్డకు వేసేముందు నన్నడగాలి. వార్డెన్‌ను కాదు. అడిగి ఉంటే సగం మంది తల్లులు వేయించేవాళ్లేమో. ఆ గొడవ తర్వాత మా చెల్లె కూతురికి ఆ టీకా వేయిద్దామంటే ఇంట్లో అందరూ "ఖమ్మం టీకానా?" అంటున్నారు. అడగకుండా వేసినందుకు పడ్డ శిక్ష ఇది, పడ్డది మాకు.

పాలమూరు సారు:
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు.

లా సెకండియర్:
మూసీ అన్నా, ఒక పని చెయ్యి. ఫారం మీద సీటీఆర్‌ఐ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. అది ట్రయల్స్ వివరాలు రాసిపెట్టే ప్రభుత్వ రిజిస్ట్రీ పేరు. 2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి ట్రయల్ ఆ రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందే. వెబ్‌సైట్‌లో నంబరు కొడితే కంపెనీ ఎవరు, ఏ ఫేజ్, ఏయే ఊళ్లలో ఏ డాక్టర్లు చేస్తున్నారు, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది, అన్నీ వస్తాయి. నంబరు లేకపోతే మాత్రం అప్పుడు కోదాడ అన్న చెప్పినట్టే చెయ్యి.

మూసీ ఒడ్డు:
అందరికీ థాంక్స్. లేటైంది, ఆఫీసులో లీవు దొరకలేదు.

నంబరు ఉంది. సారు చెప్పినట్టు మూడో ఫేజే. మన రాష్ట్రంలో ఇంకో రెండు చోట్ల కూడా నడుస్తోంది, ఒకటి హైదరాబాద్‌లో పెద్ద ఆస్పత్రే. అది చూశాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

నిన్న నాన్నతో కలిసి పోయాను. డాక్టరు మంచివాడే, నాకంటే చిన్నవాడు. విసుక్కోలేదు. ప్రిస్క్రిప్షన్ వెనకాల రెండు డబ్బాలు గీసి, మధ్యలో చీటీ గీసి చెప్పాడు. నాన్నకు రెండు నిమిషాల్లో అర్థమైంది. "మనూర్ల చీటీ పాట లెక్కనే" అన్నాడు. అదే బొమ్మ మొదటి రోజు గీసి ఉంటే నేను లీవు పెట్టేవాణ్నే కాదు. ఆ మాట డాక్టరుతో అంటే తల గోక్కున్నాడు. స్టడీ అక్క చెప్పిన తొందర అక్కడ కూడా కనబడింది, మేమున్న పావుగంటలో తలుపు తొమ్మిది సార్లు తెరిచారు.

నేను పరిహారం, ఇన్సూరెన్సు అడిగాను. నాన్న ఒకటే అడిగాడు: "ఆర్నెల్లు అయినంక గీ మందు దొరుకుతదా సారూ?" డాక్టరు కొంచెం ఆగి, మందుకు ఇంకా అనుమతి రాలేదు, షాపులో రావడానికి టైం పడుతుంది, వచ్చినా రేటు ఎంతో తెలియదు, అప్పటిదాకా పాత మందులే రాస్తానన్నాడు. నిజం చెప్పాడు, అది ఒప్పుకోవాలి.

బస్సులో చిట్యాల దాటేదాకా నాన్న ఏం మాట్లాడలేదు. తర్వాత, మానను అన్నాడు. ఎందుకంటే వారం వారం ఆస్పత్రి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి కాళ్లు తిమ్మిర్లున్నాయా అని అడుగుతోందట. పదకొండేళ్లలో ఎవరూ అడగలేదట. నేనూ అడగలేదు. కోదాడ అన్నా, మీరు తిడతారని తెలుసు.

మర్రిగూడ తమ్ముడూ, నువ్వడిగింది కూడా అడిగాను, ఏం తేలిందో మాకు చెప్తారా అని. "వెబ్‌సైట్‌లో పెడతారండీ" అన్నాడు. ఏ భాషలో అని అడగడం మర్చిపోయాను. వచ్చే విజిట్ పద్దెనిమిదో తారీకు, అప్పుడు అడుగుతాను.