అనుమానాస్పద మరణాల్లో పోస్టుమార్టం ఫోరెన్సిక్ నిపుణులే చేయాలా?

తుంగభద్ర (కర్నూలు):
మన జిల్లాల్లో చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో పోస్టుమార్టం చాలావరకు డ్యూటీలో ఉన్న ఎంబీబీఎస్ డాక్టరే చేస్తున్నారు. నేర విచారణ పద్ధతి చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నియమించిన అర్హుడైన వైద్యుడు చేస్తే చాలు. అయినా అనుమానం ఉన్న శవాలను కర్నూలు, అనంతపురం, కడప వైద్య కళాశాలల ఫోరెన్సిక్ విభాగాలకే పంపాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఉరికి వేలాడిన మనిషిది ఆత్మహత్యా, గొంతు నులిమి చంపాక వేలాడదీశారా అన్నది తేల్చాలంటే, ముందు పుర్రె తెరిచి మెదడును, తర్వాత ఛాతీలోని అవయవాలను బయటికి తీసి, మెడలోని రక్తమంతా కారిపోనిచ్చి, చిట్టచివర మెడ కండరాలను పొరలు పొరలుగా విప్పి చూడాలి. ఈ వరుస తప్పి మొదటే మెడ కోస్తే, కోతకు కారిన రక్తం కండరాల్లోకి ఇంకి, బతికుండగా తగిలిన దెబ్బలాగే కనిపిస్తుంది. అసలు మెడ విప్పకుండా వదిలేస్తే నిజంగా కమిలిన గుర్తులు శవంతోపాటే మట్టిలో కలిసిపోతాయి. ఏటా ఇవే చూసే వారికి, ఓపీ మధ్యలో లేచి వచ్చిన వారికి తేడా ఉండదా?

ఆదోని వాసి:
మెడ పరీక్ష గురించి మీరు చెప్పింది కాదనను. కానీ ఆదోని నుంచి కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. శవపంచనామా అయ్యేసరికే మధ్యాహ్నం దాటుతుంది. సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయవచ్చని 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ అనుమతించినా, హత్య, ఆత్మహత్య, అత్యాచారం, అనుమానాస్పద కేసులను, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, అందులో చేర్చలేదు. అంటే మీరు పంపమంటున్న శవమే తెల్లవారేదాకా మార్చురీలో ఉండాలి, ఇంటివాళ్లు బయట కూర్చోవాలి. పురుగుమందు కేసుల్లో విసెరా (కడుపు, కాలేయం వంటి లోపలి అవయవాల ముక్కలు) తీసి, ఉప్పు ద్రావణంలో పెట్టి, సీలు వేసి ల్యాబ్‌కు పంపడం స్థానిక డాక్టరుకు చేతకాని పని కాదు.

తుంగభద్ర (కర్నూలు):
పురుగుమందు కేసుల్లో చాలావాటికి మీ మాట ఒప్పుకుంటాను. అయితే విసెరాలో మందు ఉందని తేలినంత మాత్రాన తానే తాగిందో, ఎవరైనా తాగించారో తెలియదు. అందుకే పెళ్లయి ఏడేళ్లు నిండని స్త్రీ మరణాన్ని ఈ మినహాయింపులోకి తేవద్దు.

అసలు చిక్కు మరొకటి ఉంది. ఏ చావు అనుమానాస్పదమో ఇక్కడ మొదట తేల్చేది ఎస్సై. న్యూయార్క్ నగరంలో 1918 నుంచి ఆ పని వైద్యుడైన మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయానిది. వారే ఘటనా స్థలానికి వెళ్లి చూసి, ఏ శవాన్ని కోసి పరీక్షించాలో నిర్ణయిస్తారు. అంత వ్యవస్థ మనకు వెంటనే రాదు. కనీసం మెడ మీద గుర్తు చూసి సందేహం కలిగిన స్థానిక డాక్టరు, కత్తి పెట్టకముందే ఆపి కర్నూలుకు పంపితే, ఆ నిర్ణయాన్ని పోలీసులు గానీ బంధువులు గానీ ప్రశ్నించే వీలు ఉండకూడదు. మీరన్న దూరం భారం కుటుంబం మీద పడకుండా వాహనం, రాకపోకల ఖర్చు ప్రభుత్వమే భరించాలి.